అయిదో చెంచా

2006 జూన్ 11, ఆదివారం

స్టీల్ కంపెనీ వాళ్లు ప్రతి జనవరిలో మా స్టీలు సామాన్ల దుకాణానికి పంపే డైరీ ఇది. ఏటా మా ఆయనే వాడేవాడు. ఈసారి ఫిబ్రవరి నుంచి ఖాళీగా పడి ఉంది. ఖాళీ కాగితం చూస్తే నాకు తోమని గిన్నె చూసినట్టే ఉంటుంది, చేతులు ఊరుకోవు. అందుకే రాస్తున్నాను. ఎవరూ చదవడానికి కాదు. ఉజ్వల చదివితే కాళ్లు విరగ్గొడతాను. శేరిగూడలో ఇంజనీరింగు చదువుతున్నంత మాత్రాన తల్లి డైరీ చదివే హక్కు రాదు.

ఈరోజు మాంసం తెచ్చి యాటకూర వండాను. సంతోషమ్మ వదిన, కృష్ణయ్య అన్న తుర్కయాంజాల్ నుంచి వచ్చారు. నా పెళ్లయినప్పటి నుంచీ ఆదివారం ఆయన, ఆయన అక్కాబావ, మేము ఒకే వరసలో కూర్చుని తినడం అలవాటు. అందరూ కూర్చున్నారు. ఆయన కంచం మాత్రం లోపలి గదిలోకి వెళ్లింది. వెనకాలే గడియ పడింది.

వదిన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఇంకెన్ని దినాలే మంజులా, గిట్ల?" అంది.

"లోపల ఫ్యాను గాలి మంచిగుంటది వదినా. ఆయనకు ఆడనే సుఖం" అన్నాను.

ఫ్యాను గాలట! కరెంటు పోయి అప్పటికి అరగంట అయింది. వదిన మంచిది, ఇంకో ముద్ద కలుపుకుంది.

జూన్ 12

కంచంలో సగం అన్నం వెనక్కి వచ్చింది. గదిలో నేల మీద ఇంకో పిడికెడు. ఊడ్చేశాను. ఎండలు కదా, ఆకలి వేయదు.

జూన్ 15

గడియ బిగుసుకుపోయింది, నూనె వెయ్యమన్నాడు. ఎడమ చేత్తో లాగడం కష్టంగా ఉన్నట్టుంది. కుట్టుమిషన్ నూనె వేశాను. ఇప్పుడు వెన్నలా జరుగుతోంది. మొగుడు నాకు దూరంగా కూర్చుని తినడానికి నేనే నూనె పోసి మరీ సాయం చేశాను. నాలాంటి పెళ్లాం ఈ జిల్లాలో ఉండదు.

ఒకసారి సరిగ్గా రాసి పెడతాను, లేకపోతే నా బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. ఫిబ్రవరిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. దవాఖానలో ఉండగానే మాట తిరిగి వచ్చింది. ఇంటికి వచ్చాక కాలు కూడా వచ్చింది, కొంచెం ఈడుస్తాడు, అంతే. కుడి చెయ్యి రాలేదు. మిగిలింది ఎడమ చెయ్యి. ఎడమ చెయ్యి కంచంలో పెట్టడం ఆయన దృష్టిలో ఎంత తప్పో నాకు తెలుసు. ఉజ్వల చిన్నప్పుడు మరిచిపోయి పెడితే చేతి మీద ఒక్కటి వేసేవాడు. నేను తినిపిస్తానంటే మొహం గోడకు తిప్పేశాడు. దుకాణంలోంచి చెంచా తెచ్చి ఇస్తే, ఆ రేకు చెంచా ఆయన పిడికిలిలో గిర్రున తిరిగి పప్పంతా లుంగీ మీద పడింది. "రోగమొచ్చినోళ్ల చెంచా నాకెందుకు" అని విసిరికొట్టాడు. ఆ రోజు నుంచే ఈ గడియ.

ఆయన చెయ్యంటే ఊరికే చెయ్యి కాదు. ఇక్కడి నుంచి యాచారం దాకా ఏ ఇంట్లో స్టీలు గిన్నె తిరగేసినా దేవేందర్ రాతే కనబడుతుంది. పెళ్లిళ్లకు ఇచ్చే సామాన్ల మీద పేర్లు కొట్టడానికి అందరూ కరెంటు మిషన్లు పెట్టుకున్నా ఆయన చిన్న ఉలి, చిన్న సుత్తి వదల్లేదు. చుక్క పక్కన చుక్క, చుక్క పక్కన చుక్క. ముత్యాలు పోసినట్టు ఉండేది. ఇప్పుడు దుకాణం నేను చూస్తున్నాను. పేరు కొట్టాలంటే మాత్రం వేరే చోటికి పొమ్మంటున్నాను.

జూన్ 21

ఎంకయ్య వచ్చాడు. మోపెడ్ మీద ఊళ్లు తిరిగి, కొత్త స్టీలు ఇచ్చి పాత సామాన్లు తెస్తాడు. సాగర్ రోడ్డు పొడుగునా భూములు అమ్ముకున్న వాళ్లంతా అత్తల కాలం గిన్నెలు వదిలించుకుంటున్నారు కాబట్టి అతని గోనెకు లోటు లేదు. గోనె కుమ్మరిస్తే అడుగున ఒక చెంచా దొరికింది.

చూడ్డానికి ఏమీ బాగాలేదు. మెరుపు లేదు, వెలిసిపోయినట్టు ఉంది. చింతపండు పెట్టి తోమినా మెరవలేదు. కానీ బరువు! కాడ మందంగా, అంచులు నున్నగా, చేత్తో పట్టుకుంటే ఇంకో చెయ్యి పట్టుకున్నట్టే ఉంది. ఎడమ పిడికిలిలో పెట్టుకుని చూశాను. ఎందుకు ఎడమ చేత్తో చూశానో తెలియదు. కుడి చేతికి మసి ఉండిందేమో.

జూన్ 22

పొద్దున్న కంచం పక్కన చెంచా పెట్టి, "ఇది ఏం స్టీలో జర చూసి చెప్పు. నాకు సమజైతలేదు" అన్నాను.

కంచం, చెంచా లోపలికి వెళ్లాయి. గడియ పడింది.

కంచం బయటికి వచ్చాక చూశాను. నేల మీద మెతుకు లేదు. చెంచా కడిగి ఉంది. గదిలో చెంబు నీళ్లతో ఆయనే కడిగినట్టున్నాడు. తిన్నాడో, ఊరికే చూశాడో. నేను అడగలేదు. నాకేం అవసరం.

జూన్ 26

నా అంత తెలివిగలది ఇంకొకతి ఉండదు. రోజూ ఆ చెంచా పోతోంది, వస్తోంది. కానీ మెరవని స్టీలు చూస్తే మా దుకాణపు బుద్ధి ఊరుకుంటుందా? పాత సామాన్లకు పాలిష్ పట్టే అతను వస్తే, గిన్నెలతో పాటు దాన్నీ మిషన్ మీద పెట్టించాను. అద్దంలా వచ్చింది. మురిసిపోయి కంచం పక్కన పెట్టాను.

గడియ పడింది. వెంటనే గడియ ఊడింది. తలుపు గోడకు కొట్టుకుంది.

"ఎవరు తోమమన్నరే దీన్ని?"

"మెరుస్తలేదని..."

"బుద్ధున్నదా నీకు? అది మెరవని స్టీలు కాదే, మెరవకుంట చేసిన స్టీలు! గా నునుపు తెచ్చెతందుకు ఎంత పనితనం కావాలె, ఎరికేనా? ఎనుక రాత సుత పోగొట్టినవ్. ఇప్పుడిది చేతుల నిలుస్తదా? సబ్బుబిళ్ల లెక్క జారుతది!"

ఫిబ్రవరి తర్వాత ఆయన గొంతు అంత పెద్దగా వినలేదు. ముప్పై ఏళ్లు స్టీలు అమ్మిన మనిషి గొంతు అది. తిట్లు తినడం ఇంత కమ్మగా ఉంటుందని నాకు తెలియదు. వంటింట్లోకి వెళ్లి కాసేపు నవ్వాను, కాసేపు ఏడ్చాను.

చేతిలో నిలుస్తుందా అన్నాడు. అంటే దాంతో తింటున్నాడు.

జూన్ 28

చెంచా వెనక రాతలో పాలిష్‌కు పోగా చివరి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు మిగిలాయి. ఉజ్వల వాటినీ, చెంచా ఆకారాన్నీ కాగితం మీద దించుకుని శేరిగూడలో నెట్ సెంటర్‌కు వెళ్లింది. సాయంత్రం చెప్పులు కూడా విప్పకుండా వచ్చి మొదలుపెట్టింది.

"అమ్మా, గిది డెన్మార్క్‌ల చేసిందే. గదొక దేశం. యాభై ఏండ్ల కిందటిదేమో. గీ చెంచాల మీద మస్తు పిచ్చోళ్లున్నరు తెలుసా, ఏరుకుంట తిరుగుతరంట. మెరవకపోవుడే దాని గుర్తంట. పాలిష్ పడితె విలువ పోతదని రాసిన్రు."

"గా మాట ముందే చెప్తె అయిపోవు గద" అన్నాను.

గది లోపలి నుంచి ఆయన గొంతు వచ్చింది: "ఇంకేం రాసిన్రు బిడ్డా?"

ఉజ్వల లోపలికి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది. ముల్లు చెంచాలకు పళ్లు పొట్టిగా ఉంటాయట. కత్తికి కాడ పొడుగు, కోసే వైపు పొట్టి అట. కొన్నింటి మీద తుప్పు పట్టనిదని వాళ్ల భాషలో రాసి ఉంటుందట. చాలాసేపు మాట్లాడుకున్నారు. అన్నం వేళ మళ్లీ గడియ.

జూలై 4

ఎంకయ్యను పట్టుకుని, అలాంటివి ఇంకా తెమ్మన్నాను.

"యాచారంల ఒక ముసలామె తీసింది అక్కా. మళ్ల అడుగుత తియ్" అన్నాడు.

ఎందుకంటే షోకేసులో పెడితే బాగుంటాయి. దుకాణం అన్నాక నాలుగు వింత వస్తువులు ఉండాలి.

జూలై 9, ఆదివారం

వదిన వాళ్లు వచ్చారు. గడియ. వదిన నన్ను చూసింది. నేను ఫ్యాను పేరు ఎత్తలేదు.

ఈరోజు వరసలో కూర్చుని ఒకటి అనుకున్నాను. ఇక్కడ రాస్తాను. చెంచా ఒక్కటే ఉంటే అది రోగి చెంచా. వరసలో కూర్చున్న అయిదుగురి కంచాల్లోనూ ఉంటే అది ఇంటి అలవాటు. అప్పుడు ఎవరు ఏ చేత్తో పట్టుకున్నారని ఎవరు చూస్తారు? అయిదు కావాలి. అన్నీ ఒక్క తీరువే కావాలి.

షోకేసు సంగతి కూడా నిజమే.

జూలై 14

రెండోది వచ్చింది. పచ్చడి జాడీలోంచి తీసిచ్చిందట ఆ ముసలామె, ఇంకా కారం వాసన కొడుతోంది. పాలిష్ పట్టించలేదు. మెత్తటి గుడ్డతో తుడిచి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకెళ్లి ఇచ్చాను.

"జర మెల్లగ నడువు, కిందేస్తవ్" అన్నాడు. వెటకారం కూడా తిరిగి వచ్చింది.

జూలై 19

ఎంకయ్య ఈసారి హైదరాబాద్‌లో ఏదో గెస్ట్‌హౌస్ ఖాళీ చేస్తుంటే కొన్నవని ఒక మూట తెచ్చాడు. ముల్లు చెంచాలు, కత్తులు, అన్నీ మెరవనివే. నేను గంతులు వేశాను. ఆయన మంచం మీద పాత బట్ట పరిచి, పాత స్పీకరులోని అయస్కాంతం తెమ్మన్నాడు. తలుపు తెరిచే ఉంచమన్నాడు, వెలుతురు కావాలట.

"కత్తికి అంటుకుంటది, చూడు. పదును నిలవాలంటె వేరే స్టీలు పెడతరు. చెంచాకు అంటొద్దు. గిది అంటుకున్నది, పక్కన పడెయ్. గీ పండ్ల మధ్యన వేలు పెట్టు. గరగర ఉన్నదా? మనసు పెట్టి చేసినోడు కనబడని జాగ సుత నున్నగ చేస్తడే."

చివరికి ఒక్క ముల్లు చెంచా మిగిలింది. దాని వెనక చూసి నవ్వాడు. "జపాన్ అని ఉన్నది. డెన్మార్కోళ్లది చూసి చేసిన్రు. మంచిగనే చేసిన్రు పాపం."

మూటంతా వెనక్కి పంపాను. ఒక్క చెంచా కూడా దొరకలేదు. అయినా ఈరోజు గొప్పగా గడిచింది. ఆయన ఎడమ చేత్తో ఒక్కొక్కటే ఎత్తి, కాడ మెడ దగ్గర వేలి మీద నిలబెట్టి బరువు చూస్తుంటే నాకు దుకాణం తెరిచినట్టే అనిపించింది.

జూలై 30, ఆదివారం

కృష్ణయ్య అన్న అన్నం తింటూ, "దుకాణం కిరాయికిస్తె ప్లాట్లు అమ్మెటోళ్లు ఆఫీసు పెట్టుకుంటరంట మంజులా. నీకూ ఫికర్ తగ్గుతది. ఆయన ఇగ కూసునేటట్టు లేడాయె" అన్నాడు. మంచికే అన్నాడు. కానీ తలుపు అవతల వినబడుతుందని ఆలోచించలేదు.

కంచం నిండుగా వెనక్కి వచ్చింది.

ఆగస్టు 4

మూడోది, నాలుగోది ఒకేసారి వచ్చాయి. ఒకటి ఉప్పు డబ్బాలోదట, ఇంకోటి పసుపులోది, ఇంకా పచ్చగా ఉంది. "అయిదోది ఉన్నదంట అక్కా, కని ఇయ్యనంటది. మొండిది. నువ్వే పోయి అడుక్కో" అన్నాడు ఎంకయ్య.

ఆగస్టు 8

యాచారం వెళ్లొచ్చాను. ఆ ముసలామె పేరు లక్ష్మమ్మ. రేకుల ఇల్లు, అలికిన వాకిలి. ఒకప్పుడు హైదరాబాద్‌లో డెన్మార్క్ డాక్టర్ల ఇంట్లో పనిచేసిందట. వాళ్ల పాపను ఈమే సాకింది. దేశం వెళ్లిపోతూ దొరసాని వంటింటి సామానంతా ఈమెకు ఇచ్చింది. "మా ఇంట్ల చెంచాలతోని ఎవరు తింటరు బిడ్డా? ఉప్పుల ఒకటి, తొక్కుల ఒకటి ఏసిన" అంది.

అయిదోది ఆమె ఎక్కడా వెయ్యలేదు. బట్టలో చుట్టి గూట్లో పెట్టుకుంది. ఆ పాపకు అన్నం తినిపించిన చెంచా. అది చూశాక నాకు అడగబుద్ధి కాలేదు. లేచాను. అప్పుడు ఆమే అడిగింది.

"నువ్వు గా స్టీలు దుకాణం సేటు పెండ్లానివంట గద?"

అలమారలోంచి గిన్నెలు తీసి వరసగా పెట్టింది. అన్నింటి మీదా ఆయన రాతే. "నాకు సదువు రాదు. గీ చుక్కల తీరు చూస్తె నా పేరని తెలుస్తది. మా కొడుకు పెండ్లికి ఊరందరి గిన్నెలు కలిసిపోతే, నా గిన్నె నేనే ఏరుకున్న. ఎవ్వరిని అడగలే. ఒక్క చెంబు ఎవరో ఎత్తుకపోయిన్రు. కొత్త చెంబు మీద నా పేరు కొట్టిచ్చుకరా. సేటు చేతితోనే కావాలె. మిషన్ గీతలు నా కండ్లకు ఆనయి. గప్పుడు గీ చెంచా నీకిస్త."

"తప్పకుంట కొడతడు అవ్వా" అన్నాను.

"సేటు మంచిగున్నడా?"

"మంచిగున్నడు."

బస్సులో వస్తూ నన్ను నేను తిట్టుకున్నాను. నోరు విప్పితే చాలు అబద్ధమే. ఎవరి కోసం చెప్పాను? ఆమె కోసమా, నా కోసమా?

ఆగస్టు 9

కొత్త చెంబు దుకాణంలోంచి తెచ్చాను. బీరువా మీద పెట్టాను. ఇంకా చెప్పలేదు. రేపు చెబుతాను.

ఆగస్టు 10

రేపు.

ఆగస్టు 20, ఆదివారం

వదిన వాళ్లు వెళ్లాక చెప్పాను. చెంబు ఆయన ముందు పెట్టి, లక్ష్మమ్మ మాట లక్ష్మమ్మ మాటగానే చెప్పాను.

చాలాసేపు చెంబును చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"చెయ్యి లేనోని చెయ్యి చూపెట్టి బేరమాడినవా?"

ఆయన అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా లేచి, మెల్లగా తలుపు వేశాడు. గడియ పడింది. చెంచాలు కూడా లోపలికి తీసుకోలేదు. నాలుగూ బల్ల మీద ఉన్నాయి.

ఆగస్టు 21

తినలేదు.

ఆగస్టు 22

టీ తాగాడు. ఉజ్వల అడిగితే ఒక ఇడ్లీ తిన్నాడట. నాతో మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడను. అయిదో చెంచా వద్దు, ఏ చెంచా వద్దు. మనిషి ఉంటే చాలు నాకు. గడియ అవతల ఉన్నా సరే, ఉంటే చాలు.

ఆగస్టు 23

బట్టలు ఆరేస్తుంటే లోపలి నుంచి పిలిచాడు.

"మంజులా. ఉలి ఏడున్నది?"

తడి చేతులతోనే దుకాణానికి పరుగెత్తాను.

ఆగస్టు 24

ఒక చేత్తో ఉలి పట్టాలి, ఇంకో చేత్తో సుత్తి వెయ్యాలి. ఆయనకు ఉన్నది ఒక్కటే. కాబట్టి ఉలి నేను పట్టాను, సుత్తి ఆయన పట్టాడు, ఎడమ చేత్తో. మధ్యలో ఒక పాత పళ్లెం, దాన్ని కదలకుండా ఉజ్వల పట్టుకుంది.

"ఎడమకు జరుపు. గంత కాదు. ఉలి పండుకోబెట్టకు, నిలబెట్టు. ఆఁ."

మొదటి దెబ్బ పళ్లెం మీద పడింది. రెండోది నా బొటనవేలి మీద పడింది.

"ఓ అమ్మా! సచ్చిన!"

ఆయన మొహం తెల్లబోయింది. సుత్తి కింద పెట్టేశాడు. "నాతోని కాదే. బంద్ చేద్దాం" అన్నాడు.

"బంద్ లేదు, గింద్ లేదు. వేలు నాది, ఏడ్చేది నేను. నీకేమాయె? కొట్టు" అన్నాను.

ఉజ్వల పళ్లెం వదిలేసి మరీ నవ్వింది. ఆయనకూ నవ్వొచ్చింది.

ఆగస్టు 28

లక్ష్మమ్మ అని ఎవరు పేరు పెట్టారో! ఏ ఎల్లవ్వ అయినా, రాజవ్వ అయినా ఈపాటికి అయిపోయేది. ఆ రెండో అక్షరం ఉంది చూశారూ, ఒక దాని కింద ఒకటి వేలాడుతూ, మామిడి కొమ్మకు గబ్బిలాల్లా. పాత పళ్లెం మీద అక్షరాలు కొట్టి కొట్టి జల్లెడ అయింది. నా బొటనవేలు నల్లబడింది. దుకాణంలో వచ్చిన వాళ్లంతా అడుగుతున్నారు. తలుపులో పడిందని చెబుతున్నాను.

అబద్ధమే. కానీ ఈ అబద్ధానికి నాకు సిగ్గు లేదు.

సెప్టెంబరు 3, ఆదివారం

చెంబు మీద కొట్టాం. పొద్దున మొదలుపెడితే అన్నం వేళకు అయింది. వదిన వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది, సుత్తి చప్పుడు విని. లోపలికి రాలేదు, కళ్లు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లింది.

రాత బాగాలేదు. నిజం రాస్తాను, అసలు బాగాలేదు. చుక్కలు ఒకచోట గుంపు కట్టాయి, ఒకచోట విడిపోయాయి. చివరి అక్షరం జారిపడుతున్నట్టు ఉంది. ఆయన చెంబు తిప్పి తిప్పి చూశాడు.

"ఆమెకు ఇచ్చేటప్పుడు నేను సుత వస్త" అన్నాడు.

అన్నం మాత్రం గదిలోనే తిన్నాడు. గడియ పడిందో లేదో, వదిన ఏదో మాట్లాడుతుంటే నాకు వినబడలేదు.

సెప్టెంబరు 6

ఇది పొడుగ్గా రాస్తాను.

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు, కుడి చేతి మీద తువ్వాల కప్పుకుని. ఫిబ్రవరి తర్వాత ఊరు దాటడం ఇదే. దారి పొడుగునా చేలల్లో పాతిన ప్లాట్ల రాళ్లు చూస్తూ, "గింతలనె గిన్ని!" అనుకున్నాడు. ఎవరో నమస్తే సేటూ అంటే తల ఊపాడు.

లక్ష్మమ్మ వాకిట్లో పీట వేసింది. చెంబు చేతికిచ్చాను. వెలుతురు వైపు తిప్పింది. వేలితో తడిమింది. మళ్లీ తిప్పింది. నాకు చెంబు తిరిగి ఇచ్చేసింది.

"ఇది నా పేరు కాదు బిడ్డా. వేరేటోళ్లది మార్చి తెచ్చినవ్."

భూమి చీలితే దూకేద్దామనిపించింది. ఆమెకు చదువు రాదని, రాత తీరుతోనే పేరు గుర్తుపడుతుందని నాకు తెలుసు. తెలిసీ, వంకర అక్షరాలైనా పేరు పేరే కదా అనుకున్నాను. చదువు వచ్చిన వాళ్ల బుద్ధి అది. ఆయన వైపు చూసే ధైర్యం లేకపోయింది.

ఆయన తువ్వాల తీసేశాడు.

"నీ పేరే అవ్వా. రాత మారింది. గీ చెయ్యి పడిపోయింది. ఎడమ చేతితోని నేను సుత్తి ఏసిన, మా ఆమె ఉలి పట్టింది. మంచిగ రాలే."

ఆమె దగ్గరికి జరిగి ఆయన కుడి చెయ్యి ఎత్తి తన ఒళ్లో పెట్టుకుంది. నేను ఎన్నిసార్లు పట్టుకోబోయినా ఎడమ చేత్తో పక్కకు లాక్కున్న చెయ్యి అది. లాక్కోలేదు.

"మంచిగున్నడంటివి గదనే!" అని నా మీద విరుచుకుపడింది. "గిసుంటి ముచ్చట దాస్తరా? నేను పిచ్చిదాన్నా, చెయ్యి బాగలేనోన్ని పట్టుకోని పేరు కొట్టుమంటనా?" తర్వాత ఆయన వైపు తిరిగింది. "ఏదీ కొడుకా, ఎక్కడ మొదలైతది నా పేరు, చూపెట్టు."

ఆయన ఎడమ చేతి వేలు పెట్టి చూపించాడు. ఆ వేలి వెనకే ఆమె వేలు పెట్టింది. మొదటి అక్షరం, గబ్బిలాల అక్షరం, జారిపడే అక్షరం. రెండుసార్లు, మూడుసార్లు పోయి వచ్చారు.

"ఇగ యాది పెట్టుకున్న. ముందుగాలది వయసుల ఉన్నప్పటి పేరు. గిది ఇప్పటి పేరు. నేను సుత గిట్లనే వంగిపోయిన గద" అంది.

తర్వాత లేచి కంచాలు కడిగింది. బువ్వ తిని పొమ్మంది. ఆకలి లేదన్నాడు ఆయన.

"లేదంట! మొకం చూస్తె తెల్వదా? గుంజుకపోయినయి దవడలు."

బువ్వ, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. గూట్లోంచి బట్ట విప్పి అయిదో చెంచా ఆయన కంచంలో పెట్టింది. ఆయన అన్నం ముట్టుకోకుండా ముందు చెంచా తిరగేశాడు. వెనక రాత చెక్కుచెదరకుండా ఉంది. "గిదే. పూరా ఉన్నది మంజులా, చూడు" అన్నాడు. చూశాను.

తర్వాత కంచం వైపు చూశాడు. వాకిలి వైపు చూశాడు. తలుపు ఎక్కడుందో వెతికినట్టు ఉంది. ఆ వాకిట్లో తలుపు లేదు, గడియ లేదు. దారిన పోయే వాళ్లు పోతున్నారు.

"ఎడమ చెయ్యని చూస్తున్నవా?" అంది లక్ష్మమ్మ. "ఆకలికి ఎడమేంది, కుడేంది? నేను సాదిన పిల్ల సుత ఎడమ చేతితోనే తినేది. గా చెంచాతోనే. దొరసాని ఏనాడు ఏమనకపోతుండె. తిను."

తిన్నాడు.

నేను వాకిట్లో తిరుగుతున్న కోడిపిల్లల్ని చూశాను. చాలా శ్రద్ధగా చూశాను. ఆయన తింటుంటే చూస్తున్నానని తెలిస్తే ఆపేస్తాడేమోనని భయం. చెంచా కంచానికి తగిలే చప్పుడు మాత్రం విన్నాను. ఇన్నాళ్లూ తలుపు అవతల ఉన్న చప్పుడు నా పక్కనే వినబడుతోంది. కోడిపిల్లలు మసకబారాయి.

"పులుసు ఇంకింత పొయ్యి అవ్వా" అన్నాడు.

లేచేటప్పుడు లక్ష్మమ్మ చెంచా కడిగి, తుడిచి, మాట ప్రకారం నా చేతిలో పెట్టింది. అయిదో చెంచా. జూన్ నుంచి దాని కోసమే తిరిగాను. ఆయన నా చేతిలోంచి తీసుకుని మళ్లీ ఆమెకే ఇచ్చేశాడు.

"ఈడనే ఉండనీ అవ్వా. మళ్లొస్తె నేను దేంతోని తినాలె?"

సెప్టెంబరు 10, ఆదివారం

అయిదు కంచాలు వేశాను. నాలుగు చెంచాలు పెట్టాను. పాలిష్ పట్టి పాడుచేసింది నేనే తీసుకున్నాను. "నాకెందుకమ్మా గివి, నాకు చేతితోనే మంచిగుంటది" అని కృష్ణయ్య అన్న తప్పించుకున్నాడు. లోపలి గదిలోకి కంచం తీసుకెళ్లలేదు. ఎవరూ అడగలేదు కూడా. ఆయన వచ్చి వదిన పక్కన కూర్చున్నాడు.

వదిన చెంచాతో యాటకూర ముక్క పట్టబోతే అది ఎగిరి ఉజ్వల కంచంలో పడింది.

"అక్కా, ఎడమ చేతితోని పట్టు. మంచిగొస్తది" అన్నాడు ఆయన.

వదిన నిజంగానే చెయ్యి మార్చి చూసింది. రాలేదు. అందరం నవ్వాం, ఆయన అందరికంటే ఎక్కువ నవ్వాడు. సెట్టులో ఒకటి తక్కువైందని ఉజ్వల అంటే, "తక్కువెందుకైతది? ఇంకోటి యాచారంల ఉన్నది" అన్నాడు. రేపు దుకాణానికి వస్తాడట. పేర్లకు వచ్చిన వాళ్లను వేరే చోటికి పంపొద్దన్నాడు. నా బొటనవేలు రేపటి నుంచి దేవుడే కాపాడాలి.

ఈ వానలకు లోపలి గది గడియ మళ్లీ బిగుసుకుంది. తుప్పు కూడా పడుతున్నట్టుంది. నూనె వెయ్యను.